పెట్టెకు పెదవులు

ఆ వీధిలో ఆయన్ని గొట్టం మేస్త్రి అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆ పేరు పెట్టింది ఎదురు కొట్లో పుస్తకాలకు అట్టలు వేసే బైండరు. మేస్త్రి ఎవరైనా ఎదురుపడితే ముఖం చూడడనీ, ముక్కు రంధ్రాలు చూసి ఇవి ఎంత లోతుంటాయా అని లెక్కేసుకుంటాడనీ ఆయన అందరికీ చెబుతుంటాడు. మేస్త్రి నవ్వి ఊరుకుంటాడు. నవ్వేటప్పుడు కూడా చేతిలో ఏదో ఒక గొట్టం ముక్క ఉంటుంది.

ఆయన చేసేది స్పీకరు పెట్టెలు. పాట వినేవాళ్లు ముందున్న స్పీకరునే చూస్తారు. దాని కింద నల్లగా నోరు తెరుచుకుని ఉండే రంధ్రాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ రంధ్రం వెనక లోపలికి ఒక గొట్టం ఉంటుంది. స్పీకరు ముందుకు ఎంత పాడుతుందో వెనక్కి, పెట్టెలోకి, అంతే పాడుతుంది. ఆ వెనక పాట చీకట్లో వృథా పోకుండా గొట్టంలోంచి బయటికొచ్చి ముందు పాటకు తోడవుతుంది. పెద్ద డ్రమ్ము మోత, లావు తీగ కంపనం, మగ గొంతు అడుగున ఉండే బరువు, ఇవన్నీ సగానికి సగం ఆ గొట్టం చలవే.

ఇదంతా మేస్త్రి భార్యకు పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. వీధిలో అందరూ ఆమెను మేస్త్రమ్మ అంటారు. ఎవరైనా అడిగితే ఆమె సీసా తెచ్చి చూపించేది. సీసా మూతి మీద ఊదితే బుంయ్‌మంటుంది కదా, మెడ పొడుగైతే గొంతు లావవుతుంది, మెడ వెడల్పైతే గొంతు సన్నబడుతుంది. అందుకని వెడల్పు గొట్టంతో లావు గొంతు కావాలంటే దాన్ని పొడుగ్గా ఉంచాలి. సన్న గొట్టమైతే పొట్టిగా ఉన్నా చాలు. మూడంగుళాల గొట్టం నాలుగున్నర అంగుళాల పొడుగులో చెప్పే మాటనే నాలుగంగుళాల గొట్టం చెప్పాలంటే జానెడు కావాలి. ఇంతే ఆయన విద్య అని ఆమె తేల్చేసేది. ఆ మాటకు మేస్త్రికి ఎక్కడో కొంచెం గుచ్చుకునేది కానీ, కాదనడానికి ఏమీ ఉండేది కాదు.

ఆయన మొదట రేడియోలు బాగుచేసే కొట్లో పనికి కుదిరాడు. అక్కడ సరుకు వచ్చే చెక్కపెట్టెలను విప్పి, వాటి పలకలతో మొదటి పెట్టె చేశాడు. మొదటి గొట్టం బట్టల తాను చుట్టి వచ్చే అట్టగొట్టం. పెళ్లయిన నాలుగో రోజున ఆ పెట్టె ముందు కూర్చోబెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని అరచేతిని ఆ రంధ్రం ముందుంచి, "గాలి తగుల్తోందా?" అని అడిగాడు. తగుల్తోందని చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. అంతకుముందు ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నది లేదు.

తర్వాత ఇంటి ముందు గదిలోనే సొంత కొట్టు వచ్చింది, రంపం మిషను వచ్చింది, చెక్క పొడి ఇంట్లోకీ వచ్చింది. కొట్టుకు బోర్డు లేదు. వెళ్లిన పెట్టె తిరిగి రాకపోవడమే బోర్డు అనేవాడు మేస్త్రి. గుమ్మం దిగిన పెట్టె మళ్లీ గుమ్మం ఎక్కకూడదు. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కటీ ఎక్కలేదు. ఈ మాట ఆయన గొప్పగా చెప్పేవాడు కాదు, ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా చెప్పేవాడు. అందుకే వినేవాళ్లు నమ్మేవాళ్లు.

గొట్టాన్ని సరిచూడ్డానికి ఆయనకు ఒక పద్ధతి ఉంది. పెట్టెను వెల్లకిలా పడుకోబెడతాడు. స్పీకరు మధ్యనున్న కాగితపు గిన్నెలో నాలుగు బియ్యపు గింజలు వేస్తాడు. ఒక చిన్న మిషనుతో సన్న స్వరం నుంచి లావు స్వరానికి మెల్లగా దిగుతూ వస్తాడు. గింజలు వేయించినట్టు ఎగురుతుంటాయి. ఒకచోటికి వచ్చేసరికి ఉన్నట్టుండి నిలబడిపోతాయి. స్పీకరు కదలదు, బరువంతా గొట్టంలోని గాలి మోస్తుంది. అదే ఆ పెట్టె అసలు స్వరం. అది కావలసిన చోటికంటే కింద ఉంటే గొట్టాన్ని బయటికి లాగి వేలెడు, అంటే వేలి వెడల్పంత, కోస్తాడు. మళ్లీ గింజలు. మళ్లీ వేలెడు. కోస్తే స్వరం పైకెక్కుతుంది, ఎక్కినదాన్ని దింపాలంటే కొత్త గొట్టం కొనాలి, అందుకని ఎప్పుడూ ఒక వేలు తక్కువే కోయాలనేవాడు. గింజలు అబద్ధం చెప్పవనేవాడు.

మూడేళ్ల కిందట ఒక పొద్దున ఆయన కిటికీ దగ్గర టీ తాగుతూ, ఈ మధ్య పిచ్చుకలు రావడం మానేశాయని అన్నాడు.

పిచ్చుకలు ఆయన తల మీద, దూలం పైనే ఉన్నాయి. నాలుగు. ఇల్లు లేచిపోయేలా అరుస్తున్నాయి. మేస్త్రమ్మ ఆయన ముఖం చూసింది, పైకి చూసింది, అవునని చెప్పి లోపలికి వెళ్లింది. ఆ రోజు నుంచి గమనించడం మొదలుపెట్టింది. కుళాయి సరిగా కట్టకుండా వదిలేస్తే వచ్చే సన్నటి ఈల ఆయనకు వినబడదు. కుక్కరు కూత వంటింట్లో ఉంటేనే వినబడుతుంది. మాటలు, అడుగులు, తలుపు చప్పుడు, డ్రమ్ము దెబ్బ అన్నీ బాగానే వినబడతాయి. రంపం పక్కన ఇన్నేళ్లు నిలబడిన మనిషి, సన్నటి చప్పుళ్లను రంపమే కోసుకుపోయింది.

అదే ఏడాది కొనేవాళ్లు చిన్న పెట్టెలు అడగడం ఎక్కువైంది. చిన్న పెట్టెలో జానెడు గొట్టం పెడితే వెనక చెక్కకు తగులుతుంది. మేస్త్రి మూడంగుళాల గొట్టానికి మారాడు. పొట్టిగా కోశాడు, గింజలు అదే చోట నిలబడ్డాయి, స్వరం అదే. ఆయనకు తృప్తిగా ఉంది. కానీ ఇదివరకు పెద్ద గేటులోంచి తాపీగా వెళ్లే గాలి ఇప్పుడు సందులోంచి తోసుకుంటూ వెళ్లాలి. శబ్దం పెంచినప్పుడు ప్రతి డ్రమ్ము దెబ్బ చివరా హుఫ్ అని ఒక ఊపిరి వినబడేది. ఆమెకు వినబడేది. ఆయన పక్కనే నిలబడి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు.

చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన కాదంటాడు. కాదంటే ఇంకెవరినో పిలవాలి. వాళ్లు అవునంటే, చెవుల మీద బతికే మనిషికి చెవులు లేవని నలుగురి ముందు తేలుతుంది. చేతులు లేవని తేలినా ఇంత బాధ పడడు. ఆమె బాగుందని చెప్పి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద ఉడుకుతున్న నీళ్ల వంక చూస్తూ కాసేపు నిలబడింది.

ఆ నీళ్లలోనే ఉపాయం దొరికింది. ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకటి తెచ్చి, దాని అంచును మరిగే నీళ్లలో ముంచింది. మెత్తబడగానే స్టీలు గిన్నె బోర్లించి, దాని గుండ్రటి అడుగు మీద గుడ్డతో అదిమి పట్టుకుంది. చల్లారేసరికి గొట్టం నోరు పువ్వులా విరిసింది. పదునైన అంచు పోయింది. దాన్ని బిగించి వింటే, ఊపిరి ముప్పాతిక తగ్గింది. దెబ్బ అలాగే ఉంది.

మేస్త్రికి ఇదేమిటో చెప్పాలి కదా. చూడ్డానికి అందంగా ఉంటుందని చెప్పింది.

ఆయన పగలబడి నవ్వాడు. పెట్టెకు పెదవులు పెట్టావా అన్నాడు. రేపు కాటుక కూడా పెడతావేమో, ఎల్లుండి జడ వేస్తావేమో అన్నాడు. బైండరును పిలిచి చూపించాడు. అయినా కాదనలేదు, ఆమె ముచ్చట పడింది కదా అని. అప్పటినుంచి ప్రతి గొట్టం వంటింట్లోకి వచ్చి, పెదవులు పెట్టించుకుని కొట్లోకి వెళ్లేది. మూడేళ్లు ఇలాగే గడిచాయి. ఒక్క పెట్టె కూడా తిరిగి రాలేదు.

కూతురికి నెలలు నిండాయి. మేస్త్రమ్మ ఆరు వారాలకని కూతురింటికి ప్రయాణమైంది. గిన్నె ఎక్కడుందో చూపించింది, నీళ్లు ఎంతసేపు మరగాలో చెప్పింది. గొట్టాలకు పెదవులు పెట్టడం మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెబితే ఎందుకని అడుగుతాడేమోనని ఊరుకుంది.

నాలుగో వారంలో ఆయన ఫోను చేశాడు. డాన్సు నేర్పే టీచరమ్మ హాలుకు రెండు పెట్టెలు చేసి పంపాననీ, ఆవిడ వాటిని వెనక్కి పంపిస్తానంటోందనీ చెప్పాడు. డ్రమ్ము ఆగి ఆగి మోగే చోట ఎవరో పెట్టెలో కూర్చుని ఊదుతున్నట్టుందట. పిల్లలు నవ్వుతున్నారట. తను వెళ్లి గంటసేపు విన్నాడు, ఏ ఊదుడూ లేదు. గింజలు కూడా వేసి చూపించాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్నెందుకు కొరుకుతున్నావన్నాట్ట. ఆవిడ చెవుల సంగతీ అంతే. వీధిలో అందరికీ చెప్పాను, నవ్వుకుంటున్నారు."

మేస్త్రమ్మ చేతిలో పసివాడి పొత్తిగుడ్డ ఉంది. దాన్ని మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది. పెదవులు పెట్టారా అని అడిగింది.

"నువ్వు లేవుగా, ఇంక సోకులెవరికి?" అన్నాడు ఆయన.

తప్పు ఆయనది కాదు. ఎందుకో తెలియని పని ఎవరైనా మానేస్తారు. తెలియకుండా చేసింది తను. ఆయన పరువు కాపాడుతున్నాననుకుని, ఆ పరువును ఒక గిన్నె మీద బోర్లించి పెట్టి వచ్చింది. ఆ పూట అన్నం సయించలేదు. ఏమయిందమ్మా అని కూతురు అడిగితే ఏమీ లేదంది.

ఆమె తిరిగి వచ్చేసరికి పెట్టెలు రెండూ కొట్టుకు వచ్చి ఉన్నాయి. గుమ్మం ఎక్కాయి. లోపలికి రానివ్వకుండా మేస్త్రి వాటిని గుమ్మం పక్కనే, గోడవైపు తిప్పి నిలబెట్టాడు, తప్పు చేసిన పిల్లల్లాగా. ఆయన గడ్డం గీసుకోలేదు. మనవడి సంగతులన్నీ అడిగాడు, కాళ్లు ఎవరివి, ముక్కు ఎవరిది అని. ముక్కు రంధ్రాల సంగతి అడగలేదు. దాన్నిబట్టి ఆమెకు ఆయన మనసు ఎలా ఉందో తెలిసింది.

సాయంత్రం ఆయనే ఒక పెట్టెను లోపలికి లాక్కొచ్చి, టీచరమ్మ పంపిన డ్రమ్ము పాట పెట్టాడు. శబ్దం పెంచాడు. దెబ్బ. ఊపిరి. దెబ్బ. ఊపిరి. మేస్త్రమ్మ చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ముఖంలో ఏమీ కనబడకుండా చూసుకుంది. కానీ కనురెప్పలు మాట వినలేదు.

ఆయన పాట ఆపాడు.

"ప్రతి దెబ్బకీ రెప్ప వేస్తున్నావు. దెబ్బ పడ్డప్పుడు కాదు, పడ్డాక."

ఆమె చూపు గుమ్మం వైపు తిప్పుకుంది.

"నీకు వినిపిస్తోందా?"

లేదనవచ్చు. వంటింట్లో గిన్నె ఉంది, పొయ్యి ఉంది. రేపటికల్లా పెదవులు పెట్టి పంపేస్తే టీచరమ్మ ఊరుకుంటుంది. ఆవిడ చెవులే చెడ్డవని వీధి అనుకుంటుంది, ఆయనా అనుకుంటాడు. వచ్చే నెల మళ్లీ ఎవరో వస్తారు. తనకు జ్వరం వచ్చినా, కూతురికి ఇంకో కాన్పు వచ్చినా మళ్లీ ఏదో ఒక పెట్టె ఈ గుమ్మం ఎక్కుతుంది.

"వినిపిస్తోందండీ," అంది.

"ఎలా ఉంటుంది?"

ఎలా చెప్పాలో తోచలేదు. దగ్గరికి వెళ్లి, ఆయన చెవి పక్కన నోరు పెట్టి, సన్నగా ఊదింది. డ్రమ్ము తర్వాత వచ్చే ఊపిరి ఎంత ఉంటుందో అంతే.

ఆయన కదలకుండా కూర్చున్నాడు. "గాలి తగిలింది," అన్నాడు.

"చప్పుడు?"

తల అడ్డంగా ఊపాడు. ఇంకోసారి ఊదమన్నాడు. ఊదింది. ఇంకో చెవిలో ఊదమన్నాడు. ఊదింది. తర్వాత రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, నేలమీది చెక్క పొడి చూశాడు.

"పెదవులు అందానికి కాదన్నమాట."

"కాదు."

"మూడేళ్లు."

"మూడేళ్లు," అంది ఆమె. పిచ్చుకల సంగతి కూడా అప్పుడే చెప్పింది, మళ్లీ చెప్పే ధైర్యం ఉంటుందో లేదోనని.

ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. తిరిగి వచ్చాక ఆమె అలవాటు కొద్దీ వెళ్లి కుళాయి బిగించి కట్టింది. వెనక్కి తిరిగేసరికి ఆయన గుమ్మంలో నిలబడి అదే చూస్తున్నాడు.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. కోపంగా ఉంటే తిట్టేవాడు, ఆయనకు తిట్టడం బాగా వచ్చు. ఇది అది కాదు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, తినేవాడు, వెళ్లేవాడు. కొట్లో రంపం చప్పుడు లేదు. ఒకసారి ఆమె తొంగి చూస్తే, పిచ్చుకలున్న దూలం కింద స్టూలు వేసుకుని, తల ఎత్తి వాటి ముక్కులు తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తున్నాడు. ఆమె చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసింది. చప్పుడు చేసినా ఏం కాదని తర్వాత గుర్తొచ్చింది. ఆ మాట గుర్తొచ్చినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

మూడో రోజు పొద్దున్నే ఆయన గడ్డం గీసుకుని బయటికి వెళ్లి, నాలుగంగుళాల పైపు ఒకటీ, నీళ్ల పైపులు వంచడానికి వాడే ఎల్బోలు రెండూ తెచ్చాడు. జానెడు గొట్టం వెనక చెక్కకు తగిలితే ఏం, మధ్యలో ఎల్బో పెట్టి పైకి వంచితే తగలదు అన్నాడు. గాలికి వంపు అడ్డం కాదట, ఇరుకే అడ్డమట. రెండు రోజుల తర్వాత ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట గొట్టం గురించే అయినందుకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

మరి మూడేళ్ల కిందటే ఈ ఎల్బో ఎందుకు పెట్టలేదని అడిగింది.

"అవసరముందని నాకెవరు చెప్పారు?" అన్నాడు. అని, పైపు మీద పెన్సిలుతో గీత గీస్తూ, "నువ్వు చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదులే," అన్నాడు.

తర్వాత చొక్కా వేసుకుని ఎదురు కొట్టుకు వెళ్లాడు. ఆమె కిటికీలోంచి చూసింది. ఏం చెప్పాడో వినబడలేదు కానీ, చేత్తో తన చెవి చూపించుకున్నాడు, టీచరమ్మ హాలున్న వైపు చూపించాడు. బైండరు నవ్వలేదు. కాసేపటికి, ఇంతకాలం నిన్నెన్ని మాటలన్నానో అవన్నీ వినబడ్డాయా లేదా, లేకపోతే మొదటినుంచీ మళ్లీ అంటాను అన్నాడట. మేస్త్రి ఇంటికొచ్చి చెబుతూ నవ్వాడు.

మర్నాడు పెట్టెలతోపాటు ఇద్దరూ హాలుకు వెళ్లారు. చెక్క నేల, ఒక గోడ పొడుగునా అద్దం. పిల్లలు వచ్చే వేళ కాలేదు. మేస్త్రి టీచరమ్మతో ఆవిడ చెవులు బాగున్నాయనీ, తన చెవులే బాగాలేవనీ, వీధిలో అన్న మాటలు వీధిలోనే వెనక్కి తీసుకున్నాననీ చెప్పాడు. టీచరమ్మ వాళ్లకు కుర్చీలు వేసింది.

గొట్టాన్ని జిగురు పెట్టకుండా బిగించి తెచ్చాడు, సరిచూసి కోయడానికి. గింజలు వేశాడు. వేలెడు కోశాడు. మళ్లీ గింజలు. ఇంకో అర వేలు. గింజలు నిలబడ్డాయి. అప్పుడు పెట్టెను లేపి నిలబెట్టి, అద్దానికి ఎదురుగా కుర్చీ వేసి భార్యను కూర్చోమన్నాడు. పాట పెట్టి, పెట్టెవైపు చూడలేదు. వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చుని, ఆమె కళ్లలోకి చూస్తూ ఉన్నాడు. టీచరమ్మ ఉందని ఆమెకు సిగ్గేసింది. తల దించుకోబోతే గడ్డం పట్టుకుని ఎత్తాడు.

దెబ్బ. పాదాల కింద చెక్క నేల మెత్తగా అదిరింది. దెబ్బ. ఇదివరకటి ఊపిరి లేదు. ఇరుకు పోయింది. దెబ్బ. శబ్దం ఇంకా పెంచమని టీచరమ్మకు చెయ్యి చూపించాడు. దెబ్బ. ఈసారి చివర ఎక్కడో, దారపు పోగంత, ఉందా లేదా అన్నట్టు. ఆమె రెప్ప వేయకూడదనే అనుకుంది.

ఆయన లేచి పాట ఆపాడు. గొట్టాన్ని బయటికి లాగాడు. అప్పుడే కోసిన అంచు మీద వేలు పెట్టి చుట్టూ రాశాడు, పదునుగా ఉంది. దాన్ని ఆమెకు అందించాడు.

"గిన్నె తెచ్చావా?"

ఆమె సంచిలోంచి స్టీలు గిన్నె తీసింది. అడక్కపోతే తీయకూడదనుకుని, గుడ్డలో చుట్టి అడుగున పెట్టుకు వచ్చింది. టీచరమ్మ నీళ్లు మరగబెట్టడానికి లోపలికి వెళ్లింది. నీళ్లు మరిగేలోపు మేస్త్రి పెట్టె ముందు నేలమీద కూర్చుని, భార్య చెయ్యి పట్టుకుని, ఖాళీ రంధ్రం ముందు పెట్టాడు. పాట లేదు, గాలీ లేదు. ఊరికే అలా పెట్టాడు.